ముక్కు బరువు

బారాత్‌లకు జనరేటర్ మోసిన ట్రైలర్ ఇది.
బొల్లారంలో ఒక షెడ్డు వెనక, టైర్లలో గాలి లేక
మోకాళ్ల మీద కూలబడి ఉంది.
పక్క రేకు మీద ఇంకా చదవొచ్చు:
'మల్లన్న లైటింగ్, బారాత్ ఆర్డర్లు తీసుకోబడును.'
తొమ్మిది వేలకు తెగింది బేరం. కట్టి లాగే తాడు ఉచితం.

కవాడిగూడలో సోమాచారి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి
ముట్టించని బీడీ పళ్ల మధ్య పెట్టుకొని అడిగాడు:
"ఏం మోస్తదక్కా ఇది?"
"నా యెజ్డీని."
"బండి మీద బండా?"
నవ్వలేదు. సుద్దముక్క తీశాడు.

నేను కొన్ని చెప్పలేదు.
ఇరవై రెండేళ్లు దాని మీదే పాలకేంద్రాలు తిరిగానని,
నా వెన్నుపూసల ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి
డాక్టరు "పది కిలోమీటర్లు, అంతే" అన్నాడని,
నాకు కావలసిన ఆ పదీ
ఇంటికి డెబ్బై కిలోమీటర్ల అవతల
అనంతగిరి మలుపుల్లో ఉన్నాయని.

ముందు కమాను నుంచి ఒక పట్టీ ఊడదీశాడు.
"జనరేటర్ బరువుకు కట్టిన కమానులివి.
నీది తేలిక బండి. ఇట్లనే పోతే గుంతగుంతకూ గంతులేస్తది."
నడుమ నిలువునా ఛానల్ పరిచాడు.
ముందు చక్రం దూరడానికి ఇనుప దవడ ఒకటి వంచాడు.
టేపు తేలేదు.
మట్టెలకు వేలు కొలిచే కంసాలిలా
టైరును జానతో కొలుచుకున్నాడు.

సాయంత్రం దాకా నీలం మంట.
నేను ముఖం తిప్పుకొని
ఎదురు గోడ మీద నా నీడ ఎగిరెగిరి పడటం చూశాను.
వెనక తలుపుకు రేకు కోసినప్పుడు 'బారాత్' పోయింది.
'ఆర్డర్లు తీసుకోబడును' మిగిలింది.

బండి ఎక్కించాక, కారుకు తగిలించే కొనను
ఒంటిచేత్తో ఎత్తి చూశాడు.
"నూటికి పది పాళ్లు ముక్కు మీదుండాలె.
తక్కువైతే తోక ఊపుతది.
ఎక్కువైతే నీ కారు ఆకాశం చూస్తది."
ఆరంగుళాలు వెనక్కి జరిపాం. ఎత్తాడు.
రెండంగుళాలు ముందుకు. ఎత్తాడు.
మూడోసారి పుచ్చకాయ తట్టినవాడిలా తలూపాడు.
గొలుసులు రెండూ అడ్డంగా మెలేశాడు,
బంతి ఊడినా చేయి వదలకుండా.

ఎవరూ చెప్పనిది వెనక్కి పోవడం గురించి.
వారాసిగూడ సందులో స్టీరింగు కుడికి తిప్పితే
అది ఎడమకు పోయింది.
గోడెక్కిన పిల్లలు తలా ఒక దిక్కు చూపించారు.
ఇస్త్రీ బండి నర్సమ్మ బొగ్గుల పెట్టె పక్కకు లాక్కుంది.
ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆదివారం తెల్లారకముందే లంగర్‌హౌజ్ దాటాను.
అద్దంలో యెజ్డీ గుండ్రటి దీపం,
ఎంత జోరు పెంచినా అంతే దూరంలో.
రెండుసార్లు పక్కకు జరిగి దారిచ్చాను, అలవాటుగా.

ఆ పది కిలోమీటర్ల గురించి రాయను.
రెండో కిక్కుకు అందుకుంది. అది చాలు.

తొమ్మిదో రోజు ఫోనుకు చలానా వచ్చింది,
యెజ్డీ నంబరు మీద: హెల్మెట్ లేదు.
ఫోటోలో మెహదీపట్నం సిగ్నలు.
నా కారును అంచు దగ్గర కోసేశారు.
ఖాళీ సీటుతో బండి నిటారుగా నిలబడి ఉంది,
ఎవరి కోసమో ఆగినట్టు.

సోమాచారికి చూపించాను.
కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకొని చాలాసేపు చూశాడు.
ఫైను ఎంతని అడగలేదు.
"సూడు, సక్కగ నిలబడ్డది," అన్నాడు.
"సిగ్నల్ కాడ బ్రేకు గట్టిగనే కొట్టుంటవ్. అయినా ఒరగలే."
ప్రింటు తీయించి ఇమ్మన్నాడు.

ఇప్పుడది గ్రైండింగు చక్రం పైన,
కొత్త గిరాకీలకు కనబడేచోట ఉంది.
ఫైను నేనే కట్టాను.